పొలమును గుడారమును ప్రేమించిన తండ్రి

ధ్యాన భాగము: ఆదికాండము 24:62-67, 26:12-33, 35:27-29



మన గ్రామములలో ఒక ఇంటి పెద్ద ప్రభువునందు నిద్రించినప్పుడు బంధువులును సంఘస్థులును జ్ఞాపకార్థ కూడిక జరుపుకొందురు. ఒకరి తరువాత ఒకరు లేచి, ఆయన మంచివాడని చెప్పి కూర్చుందురు. భోజనములైన పిమ్మట ఎవరి యిండ్లకు వారు వెళ్లుదురు. మరునాడే పొలము పంపకమును గూర్చిన మాటలు మొదలగును. నెల తిరుగకముందే అన్నదమ్ములు పలుకరించుకొనుట మానిన యిండ్లు మనలో లేవా? తండ్రిని జ్ఞాపకము చేసికొనుట అనగా నిజముగా ఏమి? ఈ ప్రశ్నకు జవాబును ఇస్సాకు జీవితములో వెదకుదము.

ఇస్సాకును గూర్చిన ప్రసంగములు మనము తరచుగా వినము. అబ్రాహాము స్వదేశము విడిచి బయలుదేరిన సంగతి ఆదివారపు బడి పిల్లలకు కూడ తెలియును. యాకోబు పెనుగులాడిన రాత్రిని ఎవరును మరువరు. ఆ ఇద్దరి నడుమ ఇస్సాకు నెమ్మదిగా నడచిపోయెను. ఆయనకు గొప్ప యాత్రలు లేవు, యుద్ధములు లేవు. మందలు కాచెను, విత్తనములు చల్లెను, బావులు త్రవ్వించెను, భార్యను ప్రేమించెను, ఇద్దరు కుమారులను పెంచెను. మన తండ్రుల బ్రతుకు కూడ ఇట్టిదే గదా! అందుచేతనే ఆయన మనకు దగ్గరివాడు.

మొదటిది: ఆయన ఆరుబయట దేవుని వెదకెను.

ఇస్సాకు కాపురమున్నది దక్షిణ దేశము. అది ఎడారి అంచు. అక్కడి బెయేర్షెబాలో నేటికిని సంవత్సరమునకు కురియు వాన సుమారు 20 సెంటీమీటర్లు మాత్రమే. కరవు సీమ అని మనము చెప్పుకొను అనంతపురములో సుమారు 55 సెంటీమీటర్లు కురియును. దానిలో సగమైనను లేని నేల అది. అట్టి నేలమీద ప్రొద్దు గ్రుంకు వేళ ఆయన పొలములోనికి వెళ్లి ధ్యానించుచుండెనని 24వ అధ్యాయము చెప్పుచున్నది. పని కొరకు కాదు, ధ్యానము కొరకు వెళ్లెను. పగలంతయు చెమటోడ్చిన చోటనే సాయంకాలము దేవునితో మాటలాడెను.

మన పురుషులలో అనేకులు, గుడి దూరము, చదువు రాదు, ప్రార్థన చేయుటకు తీరిక లేదు అందురు. సహోదరుడా, ఇస్సాకుకు గుడి లేదు, చేత గ్రంథమును లేదు. ఆయనకున్నవి చేను, ఆకాశము, సాయంకాలము. అవి నీకును ఉన్నవి. కాడి విప్పిన తరువాత గట్టుమీద పది నిమిషములు కూర్చుండుటకు ఎవరు అడ్డగింతురు? ఆ సాయంకాలమే ఇస్సాకు కన్నులెత్తి చూడగా ఒంటెలు వచ్చుచుండెను. రిబ్కా వాటిమీద ఉండెను. ఆయనకు కుటుంబము దొరికినది ప్రార్థన చేయుచున్న పొలములోనే.

రెండవది: ఆయన ఇంటివారిని ప్రేమించెను.

లెక్క వేసి చూడగా, శారా చనిపోవునప్పటికి ఇస్సాకుకు 37 ఏండ్లు. వివాహము నాటికి 40 ఏండ్లు. మూడేండ్లు తల్లిని గూర్చిన దుఃఖము ఆయనలో ఉండెను. రిబ్కాను తల్లి గుడారములోనికి తోడుకొనిపోయి ఆమెను ప్రేమించి ఓదార్పు పొందెను. మగవాడు ఏడువరాదని మనవారందురు. లేఖనము అట్లు చెప్పలేదు.

ఆ తరువాత 20 ఏండ్లు వారికి బిడ్డలు లేరు. ఇక్కడ కొంచెము నిలిచి ఆలోచింపుడి. అబ్రాహాముకు బిడ్డలు లేనప్పుడు దాసియైన హాగరు ఇంటిలోనికి వచ్చెను. యాకోబు కుమారులకు తల్లులు నలుగురు. ఇస్సాకు మాత్రము మరియొక స్త్రీ వైపు చూచినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. ఆయన తన భార్య కొరకు దేవుని వేడుకొనెను. మన ఊళ్లలో బిడ్డలు లేని కోడలు ఎన్ని మాటలు పడుచున్నది! అత్త నిందించును, ఇరుగుపొరుగు శుభకార్యములకు పిలువరు, కొందరు మారు మనువు మాట తెత్తురు. అప్పుడు ఆమె భర్త నోరు తెరచి ఆమె పక్షముగా నిలుచునా, లేక తలవంచుకొని చేనికి పోవునా? చేను ప్రేమించుట మంచిదే. అయితే ఇంటి కష్టము తప్పించుకొనుటకు చేనికి పారిపోవువాడు ఇస్సాకు వంటివాడు కాడు.

మూడవది: ఆయన నీటి కొరకు సహోదర ప్రేమను అమ్ముకొనలేదు.

కరవు వచ్చినప్పుడు ఆయన గెరారులో విత్తెను. ఆ యేట నూరంతలు పండెను. ఫిలిష్తీయులు అసూయపడి, అబ్రాహాము నాటి బావులను మట్టితో పూడ్చివేసిరి. రాజు పొమ్మనెను. ఇస్సాకు కదలి లోయలో దిగి, తండ్రి బావులను మరల త్రవ్వించి, తండ్రి పెట్టిన పేళ్లే పెట్టెను. తండ్రిని జ్ఞాపకము చేసికొనుట ఇట్లుండును గదా! ఆయన చేసిన మేలు పూడిపోయినచోట కుమారుడు పార పట్టవలెను.

అటుపిమ్మట క్రొత్త బావిలో ఊట పడగా గెరారు కాపరులు నీళ్లు మావే అనిరి. దానికి ఏశెకు, అనగా జగడము, అని పేరు పెట్టి ఇస్సాకు విడిచిపెట్టెను. రెండవ దానికిని తగవు వచ్చెను. దానికి శిత్నా, అనగా విరోధము, అని పేరు పెట్టి దానిని కూడ విడిచెను. మూడవ దానికి ఎవరును అడ్డురాలేదు. ఎడము దొరికినదని దానికి రహెబోతు అని పేరు పెట్టెను. 20 సెంటీమీటర్ల వాన కురియు నేలలో ఊట బావిని విడుచుట ఎంత కష్టమో మన రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. కాలువ వంతు కొరకు కఱ్ఱలు ఎత్తువారము మనము. పొరుగువాని బోరుకు ఆనుకొని బోరు వేయించువారము మనము. ఇస్సాకు పిరికివాడా? కాడు. బావిలోని నీటిని చూచినవాడు జగడమాడును, బావినిచ్చిన దేవుని చూచినవాడు విడువగలడు. తుదకు పొమ్మన్న రాజే సమాధానము కోరి వచ్చెను. ఇస్సాకు విందు చేసి పంపెను. ఆ దినముననే సేవకులు, నీళ్లు పడినవని వార్త తెచ్చిరి.

నాలుగవది: ఆయన లోపమును లేఖనము దాచలేదు.

జ్ఞాపకార్థ కూడికలలో మనము మంచి మాత్రమే చెప్పుదుము. పరిశుద్ధ గ్రంథము అట్లు చేయదు. గెరారులో ప్రాణభయముచేత భార్యను సహోదరి అని చెప్పినవాడు ఈయనే. ఇంటిలో ఏశావును ఎక్కువగా ప్రేమించెను. కారణమేమి? ఏశావు అడవులు తిరిగి వేటమాంసము తెచ్చువాడు. యాకోబు గుడారము పట్టియుండువాడు. పొలముల తండ్రికి పొలముల కుమారుడే నచ్చెను, తల్లికి చిన్నవాడు నచ్చెను. ఒకే గుడారములో రెండు పక్షములాయెను.

వృద్ధాప్యమున ఇస్సాకు కన్నులు మందగించెను. యాకోబు అన్న బట్టలు తొడుగుకొని దగ్గరకు వచ్చినప్పుడు ఆ తండ్రి వాటిని వాసన చూచెను. అది దేవుడు దీవించిన చేని వాసనవలె నున్నదని సంతోషించి ఆశీర్వదించెను. చూపు పోయినను చేని వాసన మరువలేదు! అయితే ఆయన అంతగా ప్రేమించిన ఆ వాసనయే ఆయనను మోసపుచ్చెను. యాకోబు కొన్నాళ్లకని పారిపోయి 20 సంవత్సరములు లాబాను ఇంట ఉండెను. రిబ్కా అతనిని మరల చూచెనని ఎక్కడను వ్రాయబడలేదు. తండ్రులారా, తల్లులారా, నీవలె ఉన్న బిడ్డను ప్రేమించుట సులువు. నీవలె లేని బిడ్డను కూడ ప్రేమించుటయే తల్లిదండ్రుల పని.

అయినను హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము ఇస్సాకును విశ్వాసుల వరుసలోనే నిలిపినది. ఆ కుమారులిద్దరికి ఇచ్చిన ఆశీర్వాదమునే ఆయన విశ్వాసమునకు గురుతుగా చూపినది. దేవుడు తన బిడ్డను లోపములతో కూడ ఎరిగి, కృపతో జ్ఞాపకము చేసికొనును.

కుమారులు ఆయనను ఎట్లు జ్ఞాపకము చేసికొనిరి? యాకోబు లాబానుతో నిబంధన చేసినప్పుడు, తన తండ్రి ఎవరియెడల భయభక్తులు నిలిపెనో ఆ దేవుని తోడని ప్రమాణము చేసెను. దూరదేశమున 20 ఏండ్లు గడిపినను, మా నాయన దేవునికి భయపడువాడు అన్నదే అతని మనస్సున నిలిచెను. నీ కుమారులు పట్టణమునకు పోయినప్పుడు నిన్ను గూర్చి ఏమి తలంచుదురు?

ఇక ఏశావు సంగతి. తండ్రి కొరకు ఏడ్చు దినములు రానిమ్ము, అప్పుడు తమ్ముని చంపెదనని అతడు తీర్మానించుకొని యుండెను. ఆ దినములు వచ్చెను. 180 ఏండ్ల ఇస్సాకు హెబ్రోనులో కన్ను మూసెను. ఏశావును యాకోబును కలిసి తండ్రిని పాతిపెట్టిరి. హత్యకు పెట్టుకొన్న దినమున ఇద్దరు ఒకే సమాధియొద్ద నిలిచిరి. ఎట్లు? అంతకు ముందే యాకోబు నేలవరకు వంగి అన్నకు నమస్కరించెను, ఏశావు పరుగెత్తివచ్చి తమ్ముని కౌగిలించుకొనెను. తండ్రి మరణమునకు ముందే కలహము మరణించెను.

సహోదరులారా, ఇదియే మన ప్రశ్నకు జవాబు. తండ్రి పేర సమాధి రాయి వేయించుట, భోజనములు పెట్టుట తప్పు కాదు. అయితే తండ్రి చేతులతో వేసిన గట్టును ప్రక్కకు జరుపుచు ఆయన పేరు చెప్పుట ఎట్లు? పలుకరింపని అన్న యింటికి ఈ వారమే వెళ్లుము. పూడిపోయిన బావిని త్రవ్వుము. మన బలము చాలదని నాకు తెలియును. ఇస్సాకు త్రవ్విన నీళ్లు త్రాగినవారు మరల దప్పిగొనిరి. యాకోబు బావియొద్ద అలసి కూర్చుండిన మన ప్రభువు ఇచ్చు జీవజలమును త్రాగినవానికే విడుచు మనస్సు, క్షమించు మనస్సు కలుగును. విరోధమను అడ్డుగోడను తన సిలువలో పడగొట్టినవాడు ఆయనే.

ప్రార్థన: తండ్రీ, మాకు ముందు నడచిన పెద్దల కొరకు నీకు స్తోత్రము. వారి మేలును మేము నిలుపునట్లును, వారి తప్పు మాలో ఆగిపోవునట్లును కృప దయచేయుము. మా చేలలోను మా యిండ్లలోను నీవే ఉండుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.