తూకం చూసి మురిసిపోకు

కళ్యాణదుర్గం

చి.ల.సౌ. అమ్మాయికి,



నీ ఉత్తరం, దాంతోబాటు పంపిన ఫొటో అందాయి. పన్నెండు కిలోలు తగ్గానని, పాత రవికెలన్నీ వదులైపోయాయని రాశావు. సంతోషమే. నలభై ఆరేళ్లకే షుగరు అంచుకు చేరినదానివి, తగ్గాల్సిన బరువే తగ్గావు. అయితే అదే ఉత్తరం చివర్లో ఏదో అనుకోకుండా రాసినట్టు రెండు ముక్కలు రాశావు. గ్యాసు బండ జరపలేకపోతున్నావట, లిఫ్టు ఆగిపోయిన రోజు మూడో అంతస్తు ఎక్కేసరికి తొడలు వణికాయట. నాకు కావలసిన సమాచారం ఆ రెండు ముక్కల్లోనే ఉంది. పన్నెండు కిలోల సంగతి దానికి తర్వాతే.

తూకం మిషను నీలో ఎంత పోయిందో చెబుతుంది, ఏది పోయిందో చెప్పదు. కడుపు మాడ్చుకుని బరువు తగ్గినప్పుడు పోయేదంతా కొవ్వు కాదు, అందులో నాలుగో వంతు దాకా కండ కూడా పోవచ్చు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫొటో వేశారు. పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అదే మీరు బీఎంఐ అంటారే, ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే మాత్రం లండనాయనకు 9.1 శాతం, మనాయనకు 21.2 శాతం. చూడ్డానికి ఇద్దరూ బక్కపలచని వాళ్లే. మన దేశపు ఒళ్లు సన్నగా ఉంటూనే కొవ్వు దాచుకుంటుంది. కండ తక్కువ, పొట్ట ఎక్కువ. అలాంటి ఒంట్లోంచి ఉన్న కాస్త కండనూ కరిగించుకుంటే ఇక మిగిలేదేమిటి?

మీ అవ్వ బరువెంతో ఆమెకు తెలియదు, ఎవరూ తూచలేదు. సంకన ఒక బిందె, నెత్తిన ఒక బిందెతో ఊరి బయట బావి నుంచి నీళ్లు మోసింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పండగ చేసుకునే సీమ మనది, ఎండాకాలం వస్తే ఆ బావి ఇంకాస్త దూరం జరిగేది. 1995 ప్రాంతంలో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు నీళ్ల పథకం జిల్లాలో 700 పైచిలుకు ఊళ్లకు కొళాయిలు తెచ్చింది. అంతకు ముందే, 1983లో, ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం వచ్చి సంగటి ముద్దను పక్కకు నెట్టింది. ఆ కొళాయినీ ఆ బియ్యాన్నీ తప్పు పట్టే పాపం నేను చేయను. ఆడవాళ్ల మెడలు నిలిచాయి, పిల్లల కడుపులు నిండాయి. కానీ ఆ బిందెల జాగాలో మనం ఇంకే పనీ పెట్టుకోలేదు. పైగా బరువు ఎత్తడమంటే కూలోళ్ల పని అనే నామోషీ ఒకటి పట్టుకుంది. మన ఊళ్లలో పిల్లను చదివించడమంటే మట్టి అంటని కుర్చీలో కూర్చోబెట్టడమే. నువ్వు ఆ కుర్చీ ఎక్కావు, అందరం గర్వపడ్డాం. కూరగాయల సంచి కూడా డ్రైవరు చేత మోయించేదాకా పోతుందని ఎవరం అనుకోలేదు.

ఇది చదివి "పాతకాలం వాళ్లే గట్టివాళ్లు" అని పెద్దమ్మ పాట ఎత్తుకుంది అనుకోకు. అది సగమే నిజం. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని దేశం మొత్తానికీ మన నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రధాని మన్మోహన్ సింగ్ మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఎండలో గడ్డపార పట్టి గుంతలు తవ్వి, మట్టి తట్టలెత్తిన ఆడవాళ్లను నేను పనిచేసిన ఆసుపత్రిలో ఎంతమందిని చూశానో. చేతులు ఇనుములా ఉండేవి. నలభై దాటేసరికి నడుము పట్టేసేది, మోకాలు వాచేది, రక్తం తక్కువ. పని ఉంది, దానికి తగిన పప్పు లేదు, గుడ్డు లేదు, ఒక రోజు ఒళ్లు వాల్చే తీరిక లేదు. ఎరువు వేయకుండా ఏటేటా చెనక్కాయే వేసిన చేను ఎలా సారం కోల్పోతుందో ఆ ఒళ్లూ అలాగే అయింది. అంటే బరువు మోయగానే బలం రాదమ్మా. మోసిన తర్వాత తినాలి, తిన్న తర్వాత నిద్రపోవాలి, ఆ మధ్యలో కండ కట్టుకుంటుంది. వాళ్లకు పని మిగిలింది, తిండీ నిద్రా కరువయ్యాయి. నీకు తిండి ఉంది, ఏసీ గదిలో నిద్ర ఉంది, లేనిది బరువు ఒక్కటే. ఆ లోటు పూడ్చుకోవడానికి దేవుడు నీకు కావలసిన వసతి ఇచ్చాడు. వాళ్లకు ఇవ్వలేదు. ఈ తేడా నువ్వు మరిచిపోకూడదు.

వయసైపోయింది, ఇప్పుడేం కండలు అంటావేమో. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ల ముసలివాళ్లు పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. చివరిదాకా నిలిచిన తొమ్మిదిమందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్లకు! నువ్వు వాళ్ల మనవరాలి వయసుదానివి. ఇంకో సంగతి. 2015లో 17 దేశాల్లో, మన దేశంతో సహా, లక్షా నలభై వేలమంది పిడికిలి పట్టు కొలిచి ఆ ఫలితాలు ప్రచురించారు. ఎవరు ముందుగా చనిపోతారో చెప్పడంలో బీపీలో పై అంకె కన్నా ఆ పట్టే మేలైన గుర్తని తేలింది. నువ్వు చేతికి కట్టుకున్న వాచీ అడుగులు లెక్కపెడుతుంది గానీ పిడికిలి సంగతి దానికేం తెలుసు?

నడక మానమని చెప్పడం లేదు. వారానికి 150 నుంచి 300 నిమిషాలు నడక లాంటి ఒక మోస్తరు శ్రమ చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అదే కాగితంలో, వారానికి కనీసం రెండు రోజులు కండలకు పని పెట్టమనీ చెప్పింది. జనం మొదటి వాక్యం చదివి కాగితం మడిచేశారు.

ముందు నిన్ను నువ్వు పరీక్షించుకో. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చో. 15 సెకన్లు దాటితే కాళ్లలో సత్తువ తగ్గిందని అర్థం. తర్వాత సోమ, గురువారాలు అరగంట పెట్టుకో. జిమ్‌కు పోతావో ఇంట్లోనే చేస్తావో నీ ఇష్టం. ఇంట్లో అయితే ఐదు లీటర్ల నీళ్ల క్యాను చాలు, అది ఐదు కిలోలు. దాన్ని గుండెకు హత్తుకుని కుర్చీలోంచి లేచి కూర్చో. నేల మీంచి ఎత్తేటప్పుడు వీపు వంచకు, తుంటి దగ్గర మడిచి లే. గోడకు చేతులు ఆనించి ఛాతీని గోడ దాకా తీసుకుపోయి నెట్టుకో. రెండు చేతుల్లో రెండు సంచులు పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడువు. ఒక్కోటి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, ఆఖరి రెండూ కష్టంగా ఉండాలి. పన్నెండూ సులువుగా వచ్చేస్తే బరువు పెంచు. ఎప్పుడూ అదే క్యాను ఎత్తుతూ ఉంటే ఒళ్లు దానికి అలవాటుపడి ఊరుకుంటుంది. బీపీ చూపించుకోకుండా మొదలుపెట్టకు, ఊపిరి బిగబట్టకు. కీళ్లలో పోటు వస్తే ఆపు, కండ పీకుడుకు మాత్రం భయపడకు.

ఇక తిండి. రాత్రిపూట కీరదోసకాయ ముక్కలతో సరిపెడుతున్నానని రాశావు చూడు, నాకు ఒళ్లు మండింది. నువ్విప్పుడు 58 కిలోలు. హైదరాబాదు పోషకాహార సంస్థ వాళ్ల లెక్కన కిలోకు 0.83 గ్రాములు, అంటే రోజుకు 48 గ్రాముల మాంసకృత్తులు తక్కువలో తక్కువ కావాలి. బరువు తగ్గుతూ కండ నిలుపుకోవాలంటే ఇంకాస్త పైకే పోవాలి. రెండు గుడ్లు, గుప్పెడు చెనక్కాయలు, ఒక పూట ఉలవలో కందిపప్పో యాభై గ్రాములు, రెండు గ్లాసుల పెరుగు, రాగులూ బియ్యమూ కలిపి రెండు వందల గ్రాములు. ఇంతకే 55 దాకా వస్తుంది. మూత్రపిండాల తేడా ఉన్నవాళ్లకు ఈ లెక్క పనికిరాదు, నీకు ఆ బాధ లేదు కాబట్టి చెబుతున్నా. దేశమంతా నూనె ఆడించుకోవడానికి లక్షల హెక్టార్లలో చెనక్కాయలు పండించిన జిల్లా ఆడపడుచువు. డబ్బా పొడి కొనుక్కుని పాలలో కలుపుకుంటున్నావంటే మీ అవ్వ వింటే నవ్వుతుంది. చెనక్కాయల ఊరిబిండి రుబ్బుకోవడం రాకపోతే మీ అమ్మనడుగు.

మన దేశంలో ఆడవాళ్లకు నెలసరి ఆగిపోయేది 46, 47 ఏళ్లకే. అక్కడి నుంచి ఎముక వేగంగా పలచబడుతుంది. బరువు ఎత్తడం ఎముకకు కూడా మందే, రాగుల్లో సున్నమూ బాగానే ఉంటుంది. ఎండ మాత్రం మనకు పుష్కలం కదా అని ధీమాగా ఉండకు. తిరుపతి స్విమ్స్ డాక్టర్లు చూస్తే పొలాల్లో పనిచేసే పల్లెవాళ్లలో కూడా విటమిన్ డి తక్కువే ఉంది. ఒకసారి రక్త పరీక్ష చేయించు. మన పడమటి ఊళ్లలో ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినదానివి కూడా. వెన్ను బిగుసుకుపోయినట్టు ఉంటే ఆ సంగతి డాక్టరుకు మొదటే చెప్పు, వాళ్లు బెంగుళూరు వాళ్లు, వాళ్లకై వాళ్లకు తట్టదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో విను. మీ అమ్మకు ఇప్పుడు డెబ్బై మూడు. మొన్న స్నానాల గదిలో జారితే పక్కింటి పిల్లోడు వచ్చి లేపాడు, నీకు చెప్పొద్దంది, నేను చెబుతున్నా. రేపు ఆమెను మంచం మీంచి లేపాల్సిన రోజు వస్తే చంకల కింద చేతులు వేసి, తన బరువు నీ మీద వేసుకుని నిలబెట్టాలి. నా ఉద్యోగంలో వేలసార్లు చేసిన పని అది. డబ్బుంటే మనిషిని పెట్టుకోవచ్చు, నిజమే. అర్ధరాత్రి రెండింటికి ఆ మనిషి ఉండదు. సన్నబడ్డావని పెళ్లిళ్లలో నలుగురూ మెచ్చుకుంటారు, వాళ్ల మెప్పు భోజనాల దాకే. మనకు సత్తువ ఉండాల్సింది మన కోసం ఒకరు వంగకుండా ఉండేందుకు, అవసరమైతే ఇంకొకరి కోసం మనం వంగి లేవగలిగేందుకు. నలభై ఆరుకు మొదలుపెడితే దానికి కావలసినంత వ్యవధి ఉంది.

ఫోన్లో అడిగితే బరువెంతో చెప్పకు. కుర్చీలోంచి ఐదుసార్లు లేవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చెప్పు, ఎన్ని లీటర్ల క్యాను ఎత్తుతున్నావో చెప్పు.

శుక్రవారం రాత్రి బస్సులో చెనక్కాయలు, ఉలవలు, రాగిపిండి మూట కట్టించి పంపుతున్నా. కండక్టరుకు నీ నంబరు ఇచ్చాను. పదకొండు కిలోలు ఉంటుంది. మెజెస్టిక్‌లో దింపుతాడు, పొద్దున ఐదున్నరకల్లా అక్కడ ఉండు. డ్రైవరును పంపొద్దు.

మీ పెద్దమ్మ