ఆమె చేతుల ఫలము
ధ్యాన భాగము: సామెతలు 31:10–31

యానాము తెలుగువారికి రాజధానియైన పుదుచ్చేరిలో ఉప్పళము అను పేట కలదు. దానికి అనతిదూరమున, కడలూరు బాటమీద, 1898లో స్థాపింపబడిన గొప్ప బట్టల మిల్లొకటి 2020లో మూయబడెను. ఫ్రెంచి పాలనలో ఆ పట్టణపు మిల్లులలో స్త్రీలును పనిచేసిరి. 1936 జూలై 30న సమ్మెచేసిన మిల్లు పనివారిపై కాల్పులు జరుగగా పన్నెండుగురు మరణించిరి. మరుసటి సంవత్సరమే ఎనిమిది గంటల పనిదినము అక్కడ చట్టమాయెను.

సామెతల గ్రంథమందలి ఈ స్త్రీదియు బట్టల పనియే. ఆమె ఉన్ని వడకును, నారబట్టలు చేసి అమ్మును, తన సంపాదనతో పొలము కొనును. మన తెలుగు బైబిలు ఆమెను గుణవతి యన్నది. అది తప్పు కాదు గాని చాలదు. మూలమందలి ‘హయిల్’ అను హెబ్రీ మాటకు బలము, సైన్యము, సంపద అను అర్థములు కలవు. దూత గిద్యోనును పిలిచినప్పుడు పలికినదియు ఆ మాటయే. పురుషునికైతే పరాక్రమము, స్త్రీకైతే గుణము! అనువాదకుని కలము సైతము లోకమర్యాదకు లోబడును.

రాత్రివేళ ఆమె దీపము ఆరదని 18వ వచనము తెలుపుచున్నది. 1948 నాటి కర్మాగారముల చట్టము రాత్రి ఏడు మొదలు ఉదయము ఆరు వరకు స్త్రీలచేత పనిచేయింపరాదనెను. ఉద్దేశము రక్షణయే, అయినను దానివలన ఆమెకు రావలసిన ఉద్యోగము తప్పిపోవుచున్నదని స్త్రీవాదులు వాదించిరి. 2000లో మద్రాసు హైకోర్టు ఆ నిషేధమును కొట్టివేసి, రాకపోకలకును భద్రతకును యజమాని ఏర్పాటు చేయవలెనని విధించెను. సమానమైన పనికి సమానమైన వేతనమను చట్టము 1976లోనే వచ్చియుండెను. ఇంటిలోని దీపమునకు మాత్రము ఏ చట్టమును గంటలు నిర్ణయింపలేదు. మిల్లునుండి వచ్చి పొయ్యి రాజేయునప్పుడు ఆమె రెండవ షిఫ్టు ఆరంభమగును.

స్త్రీవాదమనగానే సంఘపెద్దలలో కొందరు ముఖము చిట్లింతురు. వారు 31వ వచనమును నిదానించి చదువవలెను. అధ్యాయము పొగడ్తతో ఆగక ఆజ్ఞతో ముగియుచున్నది: ఆమె చేతుల ఫలము ఆమెకే ఈయవలెను, అదియు గుమ్మములయొద్ద, అనగా పెద్దలు కూర్చుండి తీర్పు తీర్చు స్థలమున, ఒప్పుకొనవలెను. బిగబట్టిన కూలి ప్రభువు చెవిని పడునని యాకోబు పత్రికయు (5:4) హెచ్చరించుచున్నది.

ఈ అధ్యాయము పెండ్లిండ్లలో చదువబడును. జీతములు నిర్ణయించు కమిటీలో చదువబడుట అరుదు. బైబిలు స్త్రీ ఎండలో ఇల్లిల్లు తిరిగి రోగులకొరకు ప్రార్థించును. ఆమెకిచ్చు కొద్ది సొమ్మునకు గౌరవవేతనమని పేరు. ఆలయము ఊడ్చు సహోదరికి ఈ నెల ఎంత ఇచ్చిరి? ఆ సొమ్ము ఆమె చేతికే చేరెనా?