మంచం కింది పిల్లి – మన మైత్రికి పరీక్ష



బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది మంది చేత 22 ప్రతిజ్ఞలు చేయించారు. సకల ప్రాణుల పట్ల దయతో ఉండి వాటిని కాపాడతాననేది అందులో 13వది. నోటితో పలకడం సులువే. ఇంట్లోకి ఒక బెదురు పిల్లి వచ్చినప్పుడు దాని బరువు తెలుస్తుంది.

మన సముద్రం వారన మైపాడు, ఇసకపల్లి, జువ్వలదిన్నె వైపు పిల్లులకు కొదవ లేదు. ఎలుకల బాధ పడలేక ఒకదాన్ని గోతంలో వేసి తెచ్చుకుంటాం. లేదా పాత ఇల్లు విడిచి కాలనీలో కొత్త ఇంటికి మారుతూ వెంట తెస్తాం. అది మంచం కింద దూరి రెండు రోజులైనా బయటికి రాదు. "ఏందిది, తిండి పెట్టినా దగ్గరికి రాదే!" అని చెయ్యి పెట్టి లాగుతాం. గీరితే, విశ్వాసం లేని జంతువని తిడతాం.

ఇక్కడ ఆగి ఆలోచించండి. దానికి కావలసింది మనం ఇస్తున్నామా, మనకు కావలసింది దాన్ని అడుగుతున్నామా?

మైత్రికి దూరపు శత్రువు ద్వేషం, దగ్గరి శత్రువు రాగం అని బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గంలో వివరించాడు. ద్వేషాన్ని చూస్తేనే గుర్తుపడతాం. రాగం మాత్రం మైత్రి వేషంలోనే వస్తుంది. పిల్లి వెంటనే ఒళ్ళో కూర్చోవాలనే ఆత్రం మన కోరికే గాని దాని మేలు కాదు.

పిల్లికి ఇల్లంటే గోడలు కాదు, తెలిసిన వాసన. కొత్త చోట ఆ వాసన ఉండదు. కనుక దాక్కోవడం దాని పొగరు కాదు, ప్రాణరక్షణ. మొదట ఒక్క గదే ఇవ్వండి. దాక్కోను ఒక అట్టపెట్టె, అది పడుకున్న పాత గుడ్డ ఉంచండి. నీళ్ళు, తిండి ఒక మూల, ఇసుక పోసిన తొట్టి ఇంకో మూల పెట్టండి. పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు, నీళ్ళే మేలు. కళ్ళలోకి గుచ్చి చూడకండి. నేల మీద కూర్చొని మీ పని మీరు చేసుకోండి, అదే వస్తుంది. రెండు మూడు వారాలు బయటికి వదలకండి, పాత చోటు వెతుక్కుంటూ తప్పిపోతుంది. రెండు రోజులు ఏమీ ముట్టకపోతే పశువుల డాక్టరుకు చూపించండి. కరిచినా గీరినా సబ్బుతో పావుగంట కడిగి, సూది మందుకు ఆసుపత్రికి వెళ్ళండి.

"మనుషులకే దిక్కు లేదు, పిల్లికి ఇంత సేవా?" అని మీరడగొచ్చు. ఆ మాటలో న్యాయమైన కోపం ఉంది. మహద్‌లో పశువులు తాగే చెరువు నీళ్ళు మనవాళ్ళకు అంటరాదన్నారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ ఆ నీళ్ళు తాగి చూపించారు. అయితే ఆ లోకం చేసిన పాపం పశువుకు నీళ్ళివ్వడం కాదు, మనిషికి ఇవ్వకపోవడం. పశువు దగ్గర లాక్కుంటే ఆ పాపం దిద్దుబాటు కాదు. కరుణ మనుషుల పట్ల, మైత్రి ప్రాణులన్నిటి పట్ల అని బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో విడదీసి వివరించారు. రెండోది మొదటిదాన్ని తగ్గించదు, దాటి ముందుకు పోతుంది.

ఇంకొకటి. పిల్లి ఎదురొస్తే అపశకునం అంటారు. విధవ ఎదురొచ్చినా, మనం ఎదురొచ్చినా అదే మాట అన్నారు. పుట్టుకను బట్టి ఒక ప్రాణిని చెడ్డదనే ఆలోచన ఒక్కటే, అది మనుషుల దగ్గరే ఆగదు. దీక్ష తీసుకున్న ఇంట్లో ఆ ఆలోచనకు పిల్లి విషయంలోనూ చోటు ఉండకూడదు.

హింస మానినవాడు లెక్కలేనన్ని ప్రాణులకు అభయం ఇస్తాడని బుద్ధుడు బోధించాడు. అన్నం పెట్టడం ఒక పూట పని. అభయం ఇవ్వాలంటే రోజుల తరబడి ఓపిక పట్టాలి, మన చెయ్యి మనం వెనక్కి తీసుకోవాలి. భయపడే పిల్లికే కాదు, కొత్తగా మన ఇంటికొచ్చిన కోడలికి, మన విహారానికి మొదటిసారి వచ్చి వెనక వరసలో కూర్చునే మనిషికి కూడా కావలసింది అదే. వాళ్ళను లాగకండి. తలుపు తెరిచి ఉంచి, పక్కన ఉండండి.

నమో బుద్ధాయ. జై భీమ్.