రాబందు చేసే సేవ

జనాన్ని పీక్కుతినేవాణ్ణి మనం రాబందు అని తిడతాం. బోడి తల, వంకర ముక్కు, చచ్చిన గొడ్డు మీద వాలే అలవాటు - ఇవే మనకు గుర్తుకొస్తాయి. కాని సోదర సోదరీమణులారా! ఆ పక్షిని ఆ పనికి నియమించింది ఎవరు?

దివ్యఖుర్ఆన్ మాయిదా సూరాలో ఆదమ్ (అలైహిస్సలామ్) కుమారుల వృత్తాంతం ఉంది. సోదరుణ్ణి చంపినవాడికి ఆ శవాన్ని ఏం చేయాలో తోచలేదు. అప్పుడు అల్లాహ్ ఒక కాకిని పంపాడు. అది నేలను తవ్వి చూపింది. మనం లెక్కచేయని పక్షే మనిషికి ఖననం నేర్పింది. జంతువులు, పక్షులు కూడా మనలాంటి సముదాయాలేనని అన్ఆమ్ సూరా 38వ ఆయత్ బోధిస్తోంది.

రాబందుల సముదాయానికి అల్లాహ్ అప్పగించిన సేవ కళేబరాలను శుభ్రం చేయడం. రోగక్రిములున్న మాంసాన్ని సైతం అరిగించుకునే శక్తిని వాటి కడుపుకు ప్రసాదించాడు. ఒకప్పుడు మన దేశంలో ఈ పక్షులు కోట్లలో ఉండేవి. 1990 దశకం నుంచి అవి కుప్పకూలాయి. తెల్లవీపు రాబందుల్లో నూటికి తొంభై తొమ్మిదికి పైగా నశించాయి.

కారణం 2004లో తేలింది. పశువుల నొప్పికి వాడే డైక్లోఫెనాక్ అనే మందే దానికి మూలం. ఆ మందు పడిన పశువు చనిపోతే, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చనిపోతుంది. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది గనుక ఆ నష్టం త్వరగా పూడదు. రాబందులు పోయినచోట కళేబరాలు కుళ్లాయి, వీధి కుక్కలు పెరిగాయి. 2000-2005 మధ్య దీనివల్ల మన దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయారని 2024లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది.

ఆ మందు వేసిన రైతు దుర్మార్గుడు కాడు. మూగజీవి మీద దయతోనే వేశాడు. కాని తెలిసిన తర్వాత కూడా మానకపోతే?

ఒక ప్రయాణంలో కొందరు సహాబాలు ఒక పక్షి పిల్లల్ని తీసుకున్నారు. తల్లి పక్షి రెక్కలు కొట్టుకుంటూ తల్లడిల్లింది. దాన్ని బాధపెట్టింది ఎవరని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) అడిగారు. పిల్లల్ని తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు. అబూదావూద్ ఉల్లేఖించిన ఈ హదీసులో మనకు గుణపాఠముంది. పొరపాటు తెలిసిన వెంటనే దిద్దుకోవాలి.

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని ప్రభుత్వం 2006లో నిషేధించింది. అయినా మనుషుల కోసం తయారైన అదే మందును పశువులకు వేసినవారున్నారు. మన ఇంట గేదె కుంటితే మందుల షాపుకు పరుగెత్తకుండా పశువైద్యుణ్ణి అడుగుదాం. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ఉంది. నొప్పి మందు పడిన పశువు చనిపోతే ఊరి బయట పారేయకుండా లోతుగా పూడ్చిపెడదాం. కాకి నేర్పిన పాఠం అదే కదా!

తెలంగాణలోని బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద 2013లో రాబందుల గూళ్లు కనిపించాయి. అల్లాహ్ తన అమానతును ఇంకా పూర్తిగా వెనక్కి తీసుకోలేదు. దాన్ని కాపాడే సద్బుద్ధిని ఆయన మనకు ప్రసాదించుగాక! ఆమీన్.