పగలు లక్ష, రాత్రి యాభై వేలు

నయాగరా జలపాతానికి ఒక టైమ్‌టేబుల్ ఉంది. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 8 నుంచి రాత్రి 10 వరకు, అక్కణ్ణుంచి అక్టోబర్ నెలాఖరు దాకా రాత్రి 8 వరకు, సెకనుకి లక్ష ఘనపు అడుగులకి తగ్గకుండా నీళ్ళు దూకాలి. మిగతా వేళల్లో, చలికాలమంతా, యాభై వేలు చాలు. అమెరికా, కెనడా కలిసి 1950లో రాసుకున్న ఒప్పందం ఇది. మనకి అలవాటైన లెక్కలో చెప్పాలంటే పగలు లక్ష క్యూసెక్కులు, రాత్రి యాభై వేలు. నదిలో సహజంగా వచ్చే ప్రవాహం సగటున రెండు లక్షల దాకా ఉంటుంది. అంటే పట్టపగలు మనం నోరు తెరుచుకుని చూసేది కూడా దాదాపు సగం నయాగరానే. మిగతా నీళ్ళని పైనే సొరంగాల్లోకి, కాలువల్లోకి మళ్ళించి కరెంటు తీస్తారు.

ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు మొహం చిన్నబుచ్చుకుంటారు. "అంటే మనం చూసింది ఒరిజినల్ కాదా?" అంటారు. కొన్నాళ్ళుగా నన్ను వదలనిది ఈ ప్రశ్నే. దానంతటదే జరిగేదే నిజం, ఎవరో పూనుకుని నడిపిస్తే అది నటన అన్న నమ్మకం మనకి ఎక్కణ్ణుంచి వచ్చింది?

అమెరికాలో ఉండే తెలుగువాళ్ళకి నయాగరా విహారయాత్ర కాదు, డ్యూటీ. అమ్మానాన్నలొస్తే ఒకసారి, అత్తమామలొస్తే ఇంకోసారి. డిక్కీలో పులిహోర, పెరుగన్నం. పడవ ఎక్కేముందు ఒక పల్చటి ప్లాస్టిక్ కోటు ఇస్తారు, అమెరికా వైపు నీలం, కెనడా వైపు ఎరుపు. దిగాక దాన్ని దులిపి, ఆరబెట్టి, మడతపెట్టి ఇండియా పట్టుకెళ్ళని పెద్దవాళ్ళని నేనింకా చూడలేదు. నేనూ నా భార్యా ఇప్పటికి మూడుసార్లు వెళ్ళాం. ఇద్దరమే వెళ్ళింది మూడోసారి, మా అత్తామామలు మూడు నెలలుండి తిరిగి వెళ్ళిన రెండో వారంలో.

ఆ రాత్రి పదిన్నరప్పుడు రెయిలింగ్ దగ్గర నిలబడి తనకి ఒప్పందం సంగతి చెప్పాను. పది దాటింది కాబట్టి నీళ్ళు తగ్గుతూ ఉండాలి. రంగుదీపాల వెలుగులో ఇద్దరం కళ్ళు చికిలించుకుని చూశాం. మాకేం తేడా కనపళ్ళేదు. తను కాసేపు ఊరుకుని, "మనమూ అంతే కదా. మావాళ్ళున్నప్పుడు లక్ష, ఫ్లైటెక్కాక యాభై వేలు," అంది.

నవ్వుతూనే అంది. కానీ లెక్క సరిగ్గానే ఉంది. ఆ మూడు నెలలూ పొద్దున్నే కలిసి కాఫీ తాగాం. ఒకళ్ళ ప్లేట్లో ఒకళ్ళం కూర వడ్డించుకున్నాం. ఒక్కసారి కూడా గొంతు పెరగలేదు. ఎయిర్‌పోర్టు నుంచి తిరిగొచ్చిన మర్నాటి నుంచి ఎవరి ల్యాప్‌టాప్ వాళ్ళది, ఎవరి టిఫిన్ టైమ్ వాళ్ళది. మరి ఆ మూడు నెలలూ ఏమిటి?

మన భాషే ఇక్కడ కొంత ఇబ్బంది పెడుతుంది. తెలుగులో ప్రేమ పొంగుతుంది, అభిమానం ఉబుకుతుంది, ఆప్యాయత వెల్లువెత్తుతుంది. అన్నీ వరద మాటలే. గేటు ఎత్తితే వచ్చే ప్రేమకి మాట లేదు. అందుకే ఎవరైనా "మేం ఆదివారం సాయంత్రాలు ఫోన్లు పక్కన పెట్టి మాట్లాడుకుందామని రూల్ పెట్టుకున్నాం" అంటే మనకి జాలేస్తుంది. రూల్ పెట్టుకోవాల్సొచ్చిందా పాపం, అని.

అయితే ఇదే మనం, వానాకాలంలో "శ్రీశైలం గేట్లెత్తారట" అని తెలియగానే హైదరాబాద్ నుంచి బండ్లు కట్టుకుని బయల్దేరతాం. శ్రీశైలానికి పన్నెండు గేట్లు, సాగర్‌కి ఇరవై ఆరు. ఎన్ని ఎత్తారు, ఎన్ని అడుగులు ఎత్తారు అని పేపర్లో చదువుకుని మరీ వెళ్తాం. అక్కడ తుంపర్లలో తడుస్తున్నవాళ్ళెవరూ "ఇది ఒరిజినల్ కాదు, ఇంజినీరు వదిలిన నీళ్ళు" అని నిరాశపడగా నేను చూడలేదు. పైపెచ్చు ఎత్తినందుకు సంతోషం. నయాగరా దగ్గర మోసంలా అనిపించింది శ్రీశైలం దగ్గర పండగెందుకయింది? అక్కడ గేట్లు కళ్ళెదుటే కనిపిస్తాయి. నయాగరాలో కూడా గేట్లున్నాయి, జలపాతానికి కాస్త ఎగువన. అయితే మన చూపూ కెమెరాలూ అటు తిరగవు. కాబట్టి మనల్ని నొప్పించేది పూనిక కాదేమో, ఆ పూనిక మన కంటపడకపోవడం.

ఇంకో సంగతి. ఎన్ని గేట్లున్నా లేని నీళ్ళని వదల్లేవు. అత్తామామల ముందు మా ఇద్దరి మధ్య పారింది ఎక్కడో ఉన్నదే అయ్యుండాలి, నటించడానికైనా నిల్వ ఉండాలి కదా. మొదట్లో ఈ ఆలోచన నాకు ఊరటగా ఉండేది. తర్వాత ఇదే ఎక్కువ బాధపెట్టింది. నీళ్ళు లేక పారకపోతే ఎవర్నీ ఏమీ అనలేం. ఉండీ పారకపోతే, ఆ సగం ఎటు పోయిందన్న ప్రశ్న వస్తుంది.

నయాగరా దగ్గర ఆ ప్రశ్నకి జవాబుంది. అది కరెంటుకి పోయింది. పైగా తగ్గించడం వల్ల జలపాతానికి మేలు కూడా జరిగింది. పూర్తి ప్రవాహమున్న రోజుల్లో నీళ్ళు రాయిని ఏడాదికి మీటరు దాకా కోసుకుంటూ వెనక్కి జరిగేవి. సుమారు 12,000 ఏళ్ళలో ఆ జలపాతం పదకొండు కిలోమీటర్లు వెనక్కి నడిచింది. ఇప్పుడా కోత ఏడాదికి అడుగు మేరకి తగ్గిందని అంచనా. ఎప్పుడూ నిండుగా పొంగుతూ ఉండాలనే కోరిక రాయినే తినేస్తుంది. ఇది సంసారాలకి కూడా వర్తిస్తుందనే నా అనుమానం. మా ఇంట్లో ఆ రెండో సగంలో కొంత ఉద్యోగాలకి, కొంత నిద్రకి పోయింది. దానికి నాకేం బెంగ లేదు. ఇంకొంత ఎటు పోయిందో మాత్రం ఇద్దరం చెప్పలేకపోయాం. బెంగంతా దానిగురించే.

అన్ని పూనికలూ ఒకటి కాదు. 1950లలో గుర్రపునాడా ఆకారంలో ఉండే పెద్ద జలపాతం రెండు అంచుల్నీ కొంత తవ్వి, కొంత పూడ్చి సరిచేశారు, తక్కువ నీళ్ళు కూడా అంచు పొడుగునా నిండుగా కనపడేలా. గేట్లతో నాకు పేచీ లేదు గానీ ఇది మాత్రం నాకు నచ్చదు. నీళ్ళు తగ్గించి, తగ్గినట్టు తెలియకుండా అంచు దిద్దడం. పెళ్ళిరోజున ఫేస్‌బుక్‌లో పెట్టే ఫోటో లాంటిది.

దీనికి పూర్తిగా ఎదురు కథ 1969లో జరిగింది. పక్కనున్న అమెరికన్ జలపాతం కింద విరిగిపడిన బండరాళ్ళు గుట్టగా పేరుకుని, నీళ్ళు దూకే ఎత్తు తగ్గినట్టు కనిపిస్తోందని ఫిర్యాదు. ఆ రాళ్ళు తీసేయవచ్చా అని చూడ్డానికి ఆర్మీ ఇంజినీర్లు అడ్డుకట్ట వేసి, జూన్ నుంచి నవంబర్ దాకా ఆ జలపాతాన్ని ఆపేశారు. ఎండిపోయిన కొండ, అడుగున జనం విసిరిన నాణేలు. దాన్ని చూడ్డానికి కూడా జనం వచ్చారు! ఏళ్ళ తరబడి ఆలోచించి, చివరికి రాళ్ళని ఉన్నచోటే వదిలేయమన్నారు. చేయగలిగే శక్తి ఉండి, కొలతలన్నీ తీసుకుని కూడా, పడ్డ రాయి పడ్డట్టే ఉండనీ అనుకోవడం నాకు గౌరవంగా తోస్తుంది. నీళ్ళు పంచుకోవడానికి మాటిచ్చారు, అందానికి మెరుగులు దిద్దుతూ పోవడానికి ఇవ్వలేదు.

ఆ మాట ఇద్దరు కలిసి ఇచ్చుకున్నది కూడా. ఒప్పందంలో నాకు అన్నిటికన్నా పట్టింపుగా కనిపించేది అదే. యాభై వేలు చాలా తక్కువనిపించవచ్చు, కానీ ఆ అంకె ఇద్దరికీ తెలుసు, ఒకళ్ళు చెప్పకుండా నలభైకి దింపలేరు. ఇళ్ళల్లో జరిగేది వేరు. ఒక మనిషి ఏదో ఒక రోజు లోపల్లోపల గేటు కొంచెం దించుతారు, రెండోవాళ్ళకి కబురుండదు. రాత్రిపూట నయాగరాలాగే చాన్నాళ్ళు తేడా తెలియదు. ఆదివారం సాయంత్రం రూల్ పెట్టుకున్నవాళ్ళ మీద ఇప్పుడు నాకు జాలి లేదు. వాళ్ళ అంకె వాళ్ళిద్దరికీ తెలుసు.

అలాగని ఒప్పందాన్ని మరీ పొగడబుద్ధి కాదు. రాత్రి జలపాతానికి తగ్గించిన నీళ్ళలో అమెరికా వైపు మళ్ళే భాగం కొంత లూయిస్టన్ దగ్గరున్న రిజర్వాయర్‌లోకి ఎక్కిస్తారు, పగలు కరెంటు గిరాకీ పెరిగినప్పుడు కిందికి వదలడానికి. ఆ రిజర్వాయర్ కోసం టస్కరోరా అనే ఆదివాసీ జాతి నేలలోంచి సుమారు 550 ఎకరాలు తీసుకున్నారు. వాళ్ళు ఒప్పుకోలేదు, కోర్టుకెళ్ళారు, 1960లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు. తీర్పుతో విభేదించిన జస్టిస్ హ్యూగో బ్లాక్ బాధ, ప్రభుత్వం తానిచ్చిన మాట తప్పుతోందనే. రెండు దేశాల సంతకాలున్న కాగితం మీద వాళ్ళ సంతకం లేదు. శ్రీశైలం గేట్ల కింద తడిసేటప్పుడు మనకీ గుర్తురాదు గానీ ఆ నీళ్ళ అడుగున ఊళ్ళున్నాయి. ఎండాకాలం రిజర్వాయర్ తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, కొన్నాళ్ళు పూజలు చేస్తారు, మళ్ళీ వరదొస్తే మునిగిపోతుంది.