ప్రకటన గ్రంథమును, ఒక కథల పుస్తకమును

ధ్యానభాగము: మత్తయి 24:36–51



గడచిన వేసవిలో మన సంఘపు యవ్వనస్థుడొకడు చెన్నపట్టణమునుండి ఒక ఇంగ్లీషు నవల తెచ్చి నా చేతికిచ్చెను. దాని పేరు ‘లెఫ్ట్ బిహైండ్’. విడిచిపెట్టబడినవారు అని మనము చెప్పుకొనవచ్చును. టిమ్ లహే అను పాదిరిగారును, జెర్రీ జెంకిన్స్ అను రచయితయు కలిసి దానిని 1995లో అమెరికాలో వెలువరించిరి. అది ఒక్క పుస్తకముతో ఆగలేదు. 2007 నాటికి పదునారు పుస్తకములాయెను. కోట్లకొలది ప్రతులు అమ్ముడుపోయినవి, సినిమాలు కూడ తీసిరి.

కథ ఇట్లుండును. రాత్రివేళ సముద్రముమీద విమానము పోవుచుండగా ప్రయాణికులలో కొందరు ఉన్నట్టుండి మాయమగుదురు. వారి బట్టలు మాత్రము కుర్చీలలో మిగులును. విమానము నడుపువాని భార్యయు, చిన్న కుమారుడును ఇంటివద్ద ఎత్తబడుదురు. అతడును కుమార్తెయు మిగిలిపోవుదురు. పిమ్మట రుమేనియా దేశస్థుడొకడు తియ్యని మాటలతో ఐక్యరాజ్యసమితికి అధిపతియై, లోకమంతటిని ఒక్క గుప్పిటిలోనికి తెచ్చుకొనును. వాడే క్రీస్తు విరోధి. నిజము చెప్పవలెనంటే, నాకు దీపము ఆర్పుటకు మనస్సు రాలేదు. రెండు రాత్రులలో చదివి ముగించితిని.

అంతటితో ఊరకుండిన బాగుండెడిది. ఒక శనివారము ఇంటి కూడికలో ఈ కథను ప్రకటన గ్రంథము 13వ అధ్యాయముతో కలిపి, ఏది వాక్యమో ఏది కథయో తెలియకుండ చెప్పితిని. పిల్లలు ఏడ్చిరి. పెద్దలు నిట్టూర్చిరి. మంచి ప్రసంగము చేసితినని సంతోషముతో ఇంటికి వచ్చితిని.

రెండు నెలల తరువాత మన సంఘములోని ఒక విధవరాలిని చూడబోయితిని. రొయ్యల గుంటలవద్ద కూలికి పోవుచు, రేషను బియ్యముతో కాలము గడుపు మనిషి. పొయ్యిమీద ప్రక్క ఇంటివారిచ్చిన గంజి తప్ప మరేమియు లేదు. బియ్యము ఏమాయెనమ్మా అని అడిగితిని. ఆమె చెప్పిన మాట ఇది:

“ఆ మిషను మీద వేలు పెట్టమంటున్నారయ్యగారూ. చేతిమీద ముద్ర వేయించుకుంటే పోయినట్టేనని మీరే గదా చెప్పారు. గిద్దెడు బియ్యానికి నా ప్రభువును పోగొట్టుకోమంటారా?”

నాకు నోట మాట రాలేదు. ఆమె విశ్వాసము నా విశ్వాసముకంటె గొప్పది. దానికి తప్పుడు మేత వేసినవాడను నేను.

కాబట్టి ఆ దినమున చెప్పవలసినదానిని ఇప్పుడు చెప్పుచున్నాను. యోహానుగారు ఆసియలోని ఏడు సంఘములకు వ్రాసిరి. రోమా చక్రవర్తిని దేవుడని మ్రొక్కుమని ఒత్తిడి వచ్చిన దినములవి. అందుచేత ఆ గ్రంథములో ముద్ర ఎక్కడ వచ్చినను మృగమునకు చేయు పూజతో కలిసియే వచ్చును, 14:9 చూడుడి. మృగము ముద్రకు ఎదురుగా, 7వ అధ్యాయములో దేవుని దాసుల నొసటి ముద్రయు ఉన్నది. ఎవరికి మ్రొక్కుచున్నావు అనునదే ప్రశ్న. బియ్యము తీసికొనువాడు ఫలానావాడే అని తెలిసికొనుటకు పెట్టించు వ్రేలిముద్రలో మ్రొక్కు ఏదియు లేదు.

మరియు క్రీస్తు విరోధి అను పేరు ప్రకటన గ్రంథములో ఒక్కచోటనైనను లేదు. అది యోహాను పత్రికలలోనిది. అప్పటికే అట్టివారు అనేకులు వచ్చియున్నారని అచ్చట చెప్పబడినది. రహస్యముగా ఎత్తబడుట, పిమ్మట ఏడేండ్ల శ్రమ అను వరుసను 1830ల తరువాత డార్బీ అను బోధకుడు వ్యాపింపజేసెను. 1909లో వచ్చిన స్కోఫీల్డు వ్యాఖ్యాన బైబిలు దానిని ఇంటింటికి చేర్చెను. దానిని నమ్ము సహోదరులతో నాకు జగడము లేదు. అయితే అది ఒక వ్యాఖ్యానము. మొదటి థెస్సలొనీకయ 4లో పౌలు ఎత్తబడుటనుగూర్చి వ్రాసినది, చనిపోయినవారికొరకు ఏడ్చుచున్నవారిని ఓదార్చుటకు. అచ్చట బూర శబ్దమున్నది. కుర్చీలో మిగిలిన బట్టలు లేవు.

తేదీలు చెప్పినవారి సంగతియు వినుడి. అమెరికాలో విలియం మిల్లరు అను రైతు, బాప్తిస్టు బోధకుడు, ప్రభువు రాకడ సమీపించెనని లెక్కలు కట్టెను. అతని అనుచరులు 1844 అక్టోబరు 22 అని దినమునే ఖాయపరచిరి. కొందరు పైరు కోయక, దుంపలు త్రవ్వక విడిచిరి. ఆ దినము వచ్చెను, పోయెను. అదే దేశమునుండి, అదే బాప్తిస్టు మందనుండి వచ్చిన సామ్యూలు డే దొరగారు 1840 నుండి మన నెల్లూరిలో ఉండిరి. ఆయనయు ప్రభువుకొరకు ఎదురుచూచినవాడే. అయితే తెలుగు నేర్చుకొని వాక్యము చెప్పుచు ఎదురుచూచెను.

1876–78 కరువును తలంచుకొనుడి. అంత్యదినములు వచ్చెనని అనుకొనుటకు అంతకంటె తగిన కాలమున్నదా? అప్పుడు ఒంగోలులోని క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసెను. తిండికొరకు ఎవరును బాప్తిస్మము అడుగకూడదని, ఆ పని జరిగిన దినములలో బాప్తిస్మములు నిలిపివేసెను. కరువు తీరిన పిమ్మట, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ కాలువ నేటికిని మన తీరము వెంబడి ఉన్నది. దాని గట్టుమీద నడచునప్పుడెల్ల నాకు మత్తయి 24:45 జ్ఞాపకము వచ్చును. ఆ దినమును ఆ గడియను ఎవరును ఎరుగరని చెప్పిన ప్రభువు, వెంటనే నమ్మకమైన దాసునిగూర్చి చెప్పెను. ఆ దాసుని పని లెక్కలు కట్టుట కాదు. ఇంటివారికి వేళకు అన్నము పెట్టుట. నేనైతే ఒక ఇంటిలో ఉన్న అన్నమును తీసివేసితిని.

మరుసటి నెల ఆమెతోకూడ రేషను షాపునకు పోయితిని. మొదట నా వ్రేలు చూపి, నేను కూడ ఈలాగే బియ్యము తెచ్చుకొనుచున్నానని చెప్పితిని. ఉప్పునీటి పనిలో ఆమె వ్రేళ్లు అరిగిపోయినందున మిషను రెండుమార్లు పట్టలేదు. ఆమె నా వైపు చూచెను. మూడవమారు పట్టెను. వ్రేలును వెలుగులో అటు ఇటు త్రిప్పి చూచుకొని, “ఏమీ అంటలేదయ్యా” అని చెప్పి సంచి చాపెను.

పోయిన రెండు నెలల బియ్యము వారు ఇయ్యలేదు. అవి నేను తీర్చవలసిన అప్పుగా ఉన్నవి.