చెప్పిన వాన, కురిసిన వాన

తెలుగువాళ్లు ఎక్కడ కాపురం పెడితే ఉగాది పంచాంగం కూడా అక్కడికి చేరుతుంది. ముంబైలో ఫాక్‌లాండ్ రోడ్డును ఆనుకుని ఉన్న కామాఠీపురా పేరులోనే మనవాళ్లున్నారు. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం ఇలాకాలోని ఊళ్లు వదిలి వచ్చి, ఆ నగరపు రోడ్లూ కట్టడాలూ కట్టిన కూలీలను అక్కడ కామాఠీలన్నారు. ఉగాది పంచాంగ శ్రవణంలో ఆ ఏటి రాజెవరు, మేఘాధిపతి ఎవరు, వాన ఎన్ని కుంచాలు, అందులో సముద్రానికెన్ని భాగాలు, కొండలకెన్ని, నేలకెన్ని అన్నది వింటాం. కొద్ది రోజుల తేడాతో, ఏప్రిల్‌లో, భారత వాతావరణ శాఖ నైరుతి రుతుపవనాల మీద తన ముందస్తు అంచనా ప్రకటిస్తుంది. వానలకు ముందే గృహనిర్మాణ సంస్థ మ్హాడా ప్రమాదకరమైన పాత భవనాల జాబితా విడుదల చేస్తుంది. ఇలా రాబోయే వాన గురించి మూడు మాటలు చెవిన పడతాయి. వానాకాలం గడిచాక మాత్రం ఏ మాట ఎంతవరకు నిలిచిందని అడగం. అలా అడగడం అపచారమని కొందరికి భయం, అనవసరమని కొందరి అభిప్రాయం. చెప్పిన వానను కురిసిన వానతో సరిచూడడం సత్యధర్మంలో భాగమనీ, భక్తి ఉన్నవాడే ఆ పని ముందుగా చేయాలనీ నా వాదన.

ఈ ప్రశ్నకు ఫాక్‌లాండ్ రోడ్డు సరైన చోటు. 18వ శతాబ్దంలో హార్న్‌బీ వెలార్డ్ కట్ట వేసి సముద్రాన్ని ఆపేదాకా ఈ లోతట్టు నేల పోటు నీటిలో మునిగేది. ఇప్పటికీ పెద్ద వానా పెద్ద పోటూ ఒకే పూట వస్తే నీరు పోయే దారి ఉండదు. వందేళ్లు దాటిన చాళ్లలో, అంటే చిన్న గదుల అద్దె భవనాల్లో, చెక్క దూలాలూ మెట్లూ ఏటేటా నాని బలహీనపడతాయి. ఇక్కడ వాన గురించి చెప్పిన మాట పంటకే కాదు, పైకప్పుకూ ప్రాణానికీ సంబంధించింది. అర్థశాస్త్రం వానను ద్రోణాల్లో కొలిచి, ఏ దేశానికి ఎంత వానో పట్టిక ఇచ్చింది. గోదావరి తీరపు అశ్మకానికి లెక్క చెప్పింది, అవంతికి 23 ద్రోణాలంది. కొంకణ తీరమైన అపరాంతం దగ్గరికి వచ్చేసరికి అది అమితమని ఊరుకుంది. నేటి నిజామాబాద్ ప్రాంతాన్ని చరిత్రకారులు ఆ అశ్మకంలో భాగంగా చెబుతారు. అంటే కామాఠీలు వానకు లెక్క ఉన్న నేలను విడిచి, లెక్కకు అందని వాన కిందికి వచ్చారు. అటువంటి చోట ముందుగా చెప్పే మాటకు విలువ ఎంత ఎక్కువో, దాన్ని పరీక్షించవలసిన బాధ్యతా అంతే ఎక్కువ.

సరిచూడడం తేలికైన పని కాదు. 2005 జులై 26న శాంతాక్రూజ్ కేంద్రంలో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అక్కడికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలోని కొలాబాలో అదే రోజు పడింది 73 మిల్లీమీటర్లే. ఫాక్‌లాండ్ రోడ్డు ఈ రెంటి మధ్య, కొలాబాకు దగ్గరగా ఉంది. ఆ రోజుకు ఎవరైనా ‘ముంబైలో కుంభవృష్టి’ అని ముందే చెప్పి ఉంటే, ఆ మాట ఒక కేంద్రం దగ్గర సత్యం, రెండో కేంద్రం దగ్గర అసత్యం అయ్యేది. అందుకే ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్న మూడూ చెప్పని జోస్యాన్ని పరీక్షించలేం. మూడూ చెప్పినా మరో చిక్కుంది. అమెరికా సైన్యంలో పనిచేసిన ఫిన్లే 1884లో సుడిగాలుల మీద 2,803 అంచనాలు ఇచ్చి, నూటికి 96.6 సరిపోయాయని లెక్క చూపాడు. ప్రతిసారీ ‘సుడిగాలి రాదు’ అని ఒకే మాట అని ఉంటే నూటికి 98.2 సరిపోయేవని విమర్శకులు ఎత్తిచూపారు. నిజంగా వచ్చిన సుడిగాలులు 51. వాటిలో అతను ముందుగా పట్టుకున్నవి 28. వస్తుందని చెప్పినా రానివి 72. సరిపోయిన మాటలు ఎన్నో లెక్కపెడితే చాలదనీ, ఏమీ తెలియనివాడు చెప్పేదానికంటే ఈ మాట ఎంత మెరుగో చూడాలనీ ఆ వివాదం నేర్పింది.

ఈ కొలతను మన మాటలకూ పెట్టిచూద్దాం. జులైలో ముంబైలో వాన పడుతుందనడానికి శాస్త్రమూ అక్కర్లేదు, దివ్యదృష్టీ అక్కర్లేదు. కొన్ని చోట్ల అతివృష్టి, కొన్ని చోట్ల అనావృష్టి అన్న ఫలం ఇంత పెద్ద దేశంలో ఏ ఏడూ తప్పదు. తప్పడానికి వీల్లేని మాట నిజమైందని చెప్పుకోవడానికీ వీల్లేదు. మన తార్కికులైన నైయాయికులు ఈ సంగతిని నీళ్లతోనే వివరించారు. దూరాన నీళ్లు కనిపించాయి. అవి నీళ్లో ఎండమావో చూపు ఒక్కటే తేల్చదు. దగ్గరికి వెళ్లి తాగితే దాహం తీరాలి. పూనుకున్న పని ఫలించినప్పుడే ఆ జ్ఞానం ప్రమాణమని రుజువవుతుంది. జ్ఞానానికి ప్రామాణ్యం దానంతటదే ఉంటుందనీ, దాన్ని కాదనే బాధకం కనపడేదాకా నమ్మవచ్చనీ మీమాంసకులు వాదించారు. వాన జోస్యం విషయంలో ఈ రెండు దారులూ ఒక్కచోటికే చేరతాయి. ఆశ్వయుజం వచ్చేసరికి వాన లెక్క చేతిలో ఉంటుంది. బాధకం ఉందో లేదో అప్పటికి తేలిపోతుంది. ఆ తర్వాత కూడా చూడకుండా కళ్లు మూసుకొమ్మని మీమాంసకులూ చెప్పలేదు.

గౌతముడి న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో ఒక పూర్వపక్షం ఉంది. పుత్రకామేష్టి చేసినా కొడుకు పుట్టలేదు కాబట్టి పుడతాడన్న వేదపు మాట అసత్యం కాదా అన్నది ప్రశ్న. కర్మలోనో కర్తలోనో సాధనంలోనో లోపం ఉండవచ్చునన్నది సమాధానం. వాన కోసం చేసే కారీరి ఇష్టి మీద కూడా తరువాతి నైయాయికులు ఇటువంటి చర్చే చేశారు. ఇందులో నన్ను కదిలించేది, అంత కఠినమైన ప్రశ్నను శాస్త్రం తన గర్భంలోనే దాచుకోవడం. ప్రశ్నను పాపమనుకున్నవాళ్లు దాన్ని సూత్రంగా కట్టి శిష్యులకు అప్పగించరు. ఇక లోపం అన్న సమాధానానికి బలం ఎప్పుడొస్తుంది? ఏ లోపమో చూపి, దాన్ని దిద్ది, మళ్లీ పరీక్షకు నిలబడినప్పుడు వస్తుంది. ప్రతి వైఫల్యానికీ పేరులేని లోపాన్ని కారణంగా చెబుతూ పోతే ఇక ఏ మాటా తప్పుకాదు, ఏ మాటా ఒప్పూకాదు.

వాతావరణ శాఖ చరిత్ర ఇక్కడ ఒక పాఠం. 2002లో రుతుపవన వర్షం దీర్ఘకాల సగటులో 101 శాతం ఉంటుందని అంచనా వేశారు, వచ్చింది 81 శాతం. ఆ జులైలో దేశానికి అందింది మామూలులో దాదాపు సగమే. మరుసటి ఏడు 16 అంశాల పాత పద్ధతిని మార్చారు. అయినా 2009లో ఏప్రిల్ అంచనా 96 శాతమైతే కురిసింది 78. 2015లో ఏప్రిల్‌లో 93 అని, జూన్‌లో 88కి దించారు, 86 వచ్చింది. వీటిలో మొదటి రెండూ కరువును ముందుగా చూడలేని తప్పులు, రైతులు మూల్యం చెల్లించిన తప్పులు. అయినా ఆ తప్పులను అంకెలతో సహా మనం చెప్పుకోగలుగుతున్నాం. చెప్పినదీ వచ్చినదీ పక్కపక్కనే రాసి ఉంచడం వల్లే అది సాధ్యమైంది. శాస్త్రానికి నా దృష్టిలో గౌరవం తెచ్చేది ఈ రాత. తప్పనివాడని ఎవరినీ నమ్మలేం, తప్పును దాచనివాడిని నమ్మగలం.

సంప్రదాయానికి ఇది పరాయి అలవాటేమీ కాదు. పంచాంగం ఒకే పుస్తకమైనా అందులో రెండు రకాల మాటలున్నాయి. తిథులూ గ్రహణాలూ ఒక రకం, వర్షఫలం రెండో రకం. మొదటి రకాన్ని మన పెద్దలు ఆకాశంతో నిర్దాక్షిణ్యంగా సరిచూశారు. కేరళకు చెందిన పరమేశ్వరుడు దశాబ్దాల పాటు గ్రహణాలను గమనించి, పాత లెక్క కంటికి కనిపించేదానితో కలవడం లేదని తేల్చి, 1431లో దృగ్గణితం రచించాడు. శాస్త్రాన్ని చూపుతో దిద్దినందుకు ఆయనను నాస్తికుడనలేదు. అటువంటి పరీక్ష ఫలితం ముంబైలోనే చూడవచ్చు. ఏ రోజున 4.5 మీటర్లకు మించిన పోటు వస్తుందో నగరపాలక సంస్థ వానాకాలానికి ముందే జాబితా ఇస్తుంది. అమావాస్య, పున్నములను అంటిపెట్టుకుని ఆ పోట్లు చెప్పిన వేళకే వస్తాయి. చంద్రుడి గురించి మాట అంత గట్టిగా నిలిచిందంటే అది శతాబ్దాల దిద్దుబాటు పుణ్యం. వాన విషయంలోనూ వరాహమిహిరుడు తేదీ లేని మాటతో సరిపెట్టుకోలేదు. మేఘగర్భం ధరించిన 195 రోజులకు ప్రసవమవుతుందన్నాడు. రాత్రింబవళ్లు గమనించే దైవజ్ఞుడి మాటే వాన విషయంలో పొల్లుపోదన్నాడు. పడిన వానను పాత్రలో కొలవమన్నాడు. ఆయన సిద్ధాంతం నిలబడకపోవచ్చు, కాని పరీక్షకు నిలబడే రూపంలో చెప్పాడు. ఆ రూపాన్ని మనం వదిలేసి ఫలాన్ని మాత్రం పట్టుకున్నాం.

దీనికి మొదటి ఆక్షేపణ, పంచాంగ శ్రవణం శుభాకాంక్షే కాని వాతావరణ అంచనా కాదన్నది. అదే నిజమైతే సంతోషం. ఆశీస్సు ఆశీస్సుగానే అందాలి, దానికి కుంచాల లెక్క తగిలించనక్కర్లేదు. అంకె చెప్పామంటే మాట ఇచ్చామని అర్థం, ఇచ్చిన మాట రుణం. రెండో ఆక్షేపణ ఇంకా లోతైనది: వాన దైవాధీనం, సరిచూడడమంటే దేవుణ్ణి పరీక్షించడమే. ఇక్కడ పరీక్షకు నిలబడేది దేవుడు కాదు, దేవుడి తరఫునో ప్రకృతి తరఫునో మాట్లాడే మనిషి. వాన దైవాధీనమని మనసారా నమ్మేవాడు, ఆ దైవం సంకల్పం తనకు ఏడాది ముందే తెలిసిందని చెప్పడానికి మరింత జంకాలి. గణితం కూడా ఇదే వినయం నేర్పింది. గాలి నేటి స్థితిలో అతి చిన్న తేడా రోజులు గడిచేకొద్దీ ఎంత పెరుగుతుందో 1963లో ఎడ్వర్డ్ లోరెంజ్ చూపాడు. ఫలానా రోజున ఫలానా చోట తుపాను అని చెప్పడానికి దాదాపు రెండు వారాలే హద్దని ఆ తరువాతి పరిశోధన తేల్చింది. ఆ హద్దు దాటి రుతువు మొత్తానికి మొగ్గు ఎటుందో చెప్పవచ్చు, రోజును చెప్పలేం. తెలియనిదాన్ని తెలియదనడం దైవం ముందు తలవంచడమే.

మూడో ఆక్షేపణ పద్మశాలీల ఇళ్లలో సహజంగా వస్తుంది, వారికి మార్కండేయుడు మూలపురుషుడు కాబట్టి. పదహారేళ్ల ఆయువని చెప్పిన మాట ఆ బాలుడి భక్తి ముందు నిలవలేదు. హెచ్చరిక విని జాగ్రత్తపడితే కీడు తప్పుతుంది, అప్పుడు జోస్యం తప్పిందని ఎలా అంటామన్నది ప్రశ్న. మంచి ప్రశ్న, దీనికి ముంబై తీరమే జవాబు చెప్పింది. 2020 జూన్ 3న నిసర్గ తుపాను ముంబైకి దక్షిణాన రాయగఢ్ తీరం దాటింది, నగరం చాలావరకు బయటపడింది. 2021 మే 17న తౌక్టే ముంబైలో తీరం దాటకుండా గుజరాత్ వైపు సాగింది. అయినా కొలాబాలో గాలి గంటకు 114 కిలోమీటర్లు వీచింది, శాంతాక్రూజ్‌లో 230 మిల్లీమీటర్ల వాన పడింది. ప్రార్థనో ముందుజాగ్రత్తో మార్చగలిగేది మనకు జరిగే నష్టాన్ని. తుపాను నడిచిన దారీ వీచిన వేగమూ అందరికీ కనిపించే లెక్కలు. హెచ్చరికను ఆ దారితో, ఆ వేగంతో సరిచూడాలి. కాపాడిన ప్రాణాలను తప్పిన జోస్యం ఖాతాలో వేయకూడదు, తప్పిన దారిని కాపాడిన ప్రాణాల చాటున దాచకూడదు. నిసర్గ నుంచి బయటపడ్డాం కదా అని తౌక్టేను తేలిగ్గా తీసుకునే మనసుకు మందు కూడా ఈ లెక్కే. ఎన్ని హెచ్చరికలు నిజమయ్యాయో తెలిసినవాడు ఒక్క ఉత్త హెచ్చరికతో నమ్మకం పోగొట్టుకోడు.

చివరిగా, చాలీచాలని గదిలో బతికేవాళ్లకు మంచి మాట ఒక ధైర్యం, దాన్నీ లెక్కలతో లాగేసుకోవాలా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నలోని కరుణను గౌరవిస్తాను. కాని బీటలు వారిన గోడ కింద నిద్రపోయేవాడికి అబద్ధపు ధైర్యం కంటే పెద్ద శత్రువు లేదు. న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు ఆప్తుడికి, అంటే నమ్మదగిన వక్తకు, చెప్పిన లక్షణాల్లో కరుణ ఉంది, దానితోపాటు విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండడం, ఎరిగినట్టే చెప్పాలన్న కోరిక కూడా ఉన్నాయి. తర్కసంగ్రహం రాసిన మన తెలుగువాడు అన్నంభట్టు ఆప్తుడంటే ఉన్నదున్నట్టు చెప్పేవాడని ఒక్క మాటలో తేల్చాడు. వీటిలో ఏది లోపించినా ఆ మాట ప్రమాణం కాదు.

ఫాక్‌లాండ్ రోడ్డుకు దగ్గరలోనే ఉన్న కాల్బాదేవి బజారులో దీపావళికి వర్తకులు ఖాతా పుస్తకాలకు పూజ చేస్తారు. ఆ పుస్తకంలో నష్టాన్ని నష్టంగా రాసినందుకు లక్ష్మికి అవమానం జరిగిందని ఎవరూ అనుకోరు. తప్పుడు లెక్క రాసిన పుస్తకానికి పూజ చేయడమే అవమానం. ఉగాది పూట పంచాంగానికి పసుపూ కుంకుమా పెట్టే మనం, కొత్త ఏటి ఫలం చదివే ముందు నిరుటి లెక్క చదవాలి. పంచాంగం ఎంత చెప్పింది, వాతావరణ శాఖ ఎంత చెప్పింది, కొలాబాలో ఎంత కురిసింది, శాంతాక్రూజ్‌లో ఎంత కురిసింది, ఏటా సగటే పడుతుందని ఊరికే అనుకుని ఉంటే ఎంత తేడా వచ్చేది అని ఆ లెక్క చెప్పాలి. వినడానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ తరువాత వినిపించే మేఘాధిపతి పేరు, విన్నవాళ్లకు అంతకుముందెన్నడూ లేనంత బరువుగా తోస్తుంది.